పదవీ విరమణ తర్వాత మీ కోసం ఎదురుచూసేదెవరు?

ఆ రోజు ఆఫీసులో సభ జరుగుతుంది. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, "మీరు లేని లోటు తీరనిది" అంటారు. దంపతులిద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఫోటో తీస్తారు. కారులో ఇంటి దాకా దిగబెడతారు. ఆ రాత్రి బంధుమిత్రులతో భోజనాలు. రెండు రోజులు ఇల్లంతా సందడే. సోమవారం ఉదయం మాత్రం అలవాటు ప్రకారం ఐదున్నరకే మెలకువ వస్తుంది. స్నానం చేసి, టిఫిను తిని, పేపరు చదివి తలెత్తి చూస్తే గడియారంలో ఎనిమిదే అయి ఉంటుంది. ఇక సాయంత్రం దాకా ఏం చేయాలి?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కాని చాలామంది ఆరోగ్యం దెబ్బతినడం ఇక్కడే మొదలవుతుంది. ఈ పాఠంలో దాని గురించి తెలుసుకుందాం.

ఒక లైన్‌మన్ కథ

విద్యుత్ శాఖలో ముప్పై ఐదేళ్ళు పనిచేసిన ఒక పెద్దమనిషి ఉన్నారు. పేరు, ఊరు మనకు అక్కరలేదు. ఇలాంటివారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఆయనకు రాత్రి, పగలు తేడా లేదు. గాలి వీచినా, వాన కురిసినా ఆయన ఫోను మోగేది. భోజనం మధ్యలో లేచి వెళ్ళిన రోజులు ఎన్నో. "ఈ ఉద్యోగం ఎప్పుడు అయిపోతుందో, ఎప్పుడు కడుపునిండా నిద్రపోతానో" అని విసుక్కునేవారు.

రిటైరయ్యారు. మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయి. తిరుపతి వెళ్ళివచ్చారు, కూతురింట్లో పది రోజులు ఉన్నారు. వర్షాకాలంలో ఒక రాత్రి పెద్ద గాలివాన వచ్చింది. చెట్టు కొమ్మలు విరిగిపడి వీధంతా కరెంటు పోయింది. ఆయన అలవాటుగా లేచి టార్చిలైటు తీసుకున్నారు, చెప్పులు వేసుకున్నారు, మంచం మీద కూర్చున్నారు. ఫోను మోగలేదు. తెల్లవారుజామున కరెంటు దానంతటదే వచ్చినట్టు వచ్చింది. ఎవరో కుర్రవాడు వచ్చి బాగుచేసి వెళ్ళాడు.

ఆ మర్నాటి నుంచి ఆయనలో మార్పు వచ్చింది. మాట తగ్గింది. ఆకలి తగ్గింది. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేది. గుండెలో బరువుగా ఉందనేవారు, కడుపులో మంట అనేవారు. ఇ.సి.జి. తీశారు, రక్తపరీక్షలు చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరకు ఒక డాక్టరు, "మీ రోజు ఎలా గడుస్తోందండీ?" అని అడిగారు. ఆయన కాసేపు ఊరుకుని, "నేను లేకపోయినా కరెంటు వస్తోందండీ" అన్నారు.

ఆ ఒక్క మాటలో జబ్బు ఏమిటో డాక్టరుకు తెలిసింది.

1. ఉద్యోగంతో పాటు ఏమేమి పోతాయి?

రిటైరయ్యేటప్పుడు అందరూ జీతం గురించే ఆలోచిస్తారు. పెన్షన్ ఎంత వస్తుంది, గ్రాట్యుటీ ఎంత, కమ్యుటేషన్ ఎంత అని లెక్క వేసుకుంటారు. అది అవసరమే. కాని ఉద్యోగం మనకు జీతం ఒక్కటే ఇవ్వలేదు. మరో నాలుగు కూడా ఇచ్చింది.

మొదటిది వేళ. ఎన్నింటికి లేవాలో, ఎన్నింటికి తినాలో, ఆదివారం ఎందుకు తీపో ఉద్యోగమే నేర్పింది. రెండవది చోటు. ఇల్లు కాక మనకంటూ ఒక కుర్చీ, ఒక బల్ల ఉండేవి. మూడవది తోటివారు. ప్రత్యేకంగా పిలవకుండానే రోజూ పదిమందితో మాట్లాడేవాళ్ళం. నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది, మన అవసరం. "మాస్టారు రాలేదేమిటి?", "సిస్టరు గారు ఎక్కడ?", "డ్రైవరు వస్తేగాని బస్సు కదలదు" అని మన కోసం ఎవరో ఎదురుచూసేవారు.

పెన్షన్ జీతానికి బదులుగా వస్తుంది. మిగిలిన నాలుగింటికి బదులు ఎవరూ ఇవ్వరు. వాటిని మనమే వెతికి తెచ్చుకోవాలి. ఇది తెలియక చాలామంది, "డబ్బుకు లోటు లేదు, పిల్లలు స్థిరపడ్డారు, మరి నాకెందుకు ఇలా ఉంటోంది?" అని తమను తామే తిట్టుకుంటారు. ఇది అపరాధం కాదు, బలహీనత కాదు. నాలుగు స్తంభాలు ఒకేరోజు తీసేస్తే పందిరి వంగక తప్పదు.

2. ఎంతకాలం గురించి మాట్లాడుతున్నాం?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 58 నుంచి 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో అది 61 అయింది. కేంద్ర ప్రభుత్వంలో 1998 నుంచి 60. మన దేశంలో అరవై ఏళ్ళు నిండిన వ్యక్తి సగటున ఇంకా సుమారు 18 సంవత్సరాలు జీవిస్తారు. అంటే ఒక బిడ్డ పుట్టి ఓటు హక్కు పొందేంత కాలం! అంత కాలాన్ని "మిగిలిన రోజులు" అని కొట్టిపారేయవచ్చునా?

రాబర్ట్ అచ్లీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1970లలో ఈ కాలాన్ని కొన్ని దశలుగా వివరించారు. మొదట పెళ్ళయిన కొత్తలో ఉండేటంత ఉత్సాహం. తర్వాత నిరాశ. ఆ తర్వాత తనను తాను సరిదిద్దుకుని కొత్త దారి వెతుక్కోవడం. చివరకు కుదురు. అందరూ ఈ వరుసలోనే నడవాలని లేదు, కొందరికి నిరాశ రానే రాదు. కాని వచ్చినవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. నిరాశ దారి మధ్యలో వచ్చే మజిలీ మాత్రమే. అక్కడే ఇల్లు కట్టుకోకూడదు.

3. జీతం లేని పని కూడా పనే

విక్టర్ ఫ్రాంకల్ అనే మానసిక వైద్యుడు 1930లలో వియన్నా నగరంలో పనిచేసేవారు. అప్పుడు అక్కడ నిరుద్యోగం తీవ్రంగా ఉంది. ఉద్యోగం లేని యువకులు ఎందరో కుంగుబాటుతో ఆయన దగ్గరకు వచ్చేవారు. ఆయన వారిని గ్రంథాలయాల్లోను, యువజన సంఘాల్లోను, వయోజన విద్యలోను జీతం లేకుండా పనిచేయమని పురికొల్పారు. అలా చేసినవారిలో కుంగుబాటు తగ్గిపోయింది. వారి జేబు నిండలేదు, ఆకలి తీరలేదు. అయినా మనసు తేలికపడింది. ఉద్యోగం లేకపోతే తాము పనికిరానివాళ్ళమని, పనికిరానివాళ్ళమైతే బ్రతుక్కి అర్థం లేదని వారు అనుకున్నారు. ఆ లెక్కే తప్పు అని ఆయన గ్రహించారు.

తర్వాత ఆయనే 1942 నుంచి 1945 వరకు నాజీల నిర్బంధ శిబిరాల్లో గడిపి, కుటుంబాన్ని పోగొట్టుకుని, ప్రాణాలతో బయటపడ్డారు. మనిషి బ్రతుక్కి అర్థం మూడు దారుల్లో దొరుకుతుందని ఆయన బోధించారు. ఒక పని చేయడంలో, ఒకరిని ప్రేమించడంలో, తప్పించుకోలేని బాధను భరించే తీరులో. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ వయసు అడ్డు కాదని గమనించండి. మొదటి దారి మూసుకుపోతే రెండవది ఉంటుంది. రెండూ కష్టమైన రోజున మూడవది ఉంటుంది.

మన తెలుగునాటకు సంబంధించిన ఇద్దరిని చూడండి. వేమన పద్యాలను సేకరించి అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ 1855లో ఇక్కడి ఉద్యోగం వదలి ఇంగ్లండు వెళ్ళిపోయారు. అక్కడ లండన్‌లో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఇండియా నుంచి వెళ్ళిపోయాక డోర్కింగ్ అనే ఊళ్ళో స్థిరపడి, వ్యవసాయం మీద ప్రయోగాలు చేస్తూ గడిపారు. 1899లో చనిపోయేనాటికి ఆయనకు 96 ఏళ్ళు. పదవి వారిని వదిలింది గాని, వారికి ఇష్టమైన పని వారిని వదలలేదు.

"వాళ్ళు మహానుభావులు, మనవల్ల ఏమవుతుంది?" అనకండి. గొప్ప పని చేయాలని ఎవరూ అనడం లేదు. ఎవరికో ఒకరికి, ఏదో ఒక వేళకు మీరు కావలసి ఉండాలి. అంతే.

4. మీ వారాన్ని మీరే కట్టుకోండి

ఖాళీ సమయం ఎక్కువగా ఉన్నవారికే ఏ పనీ పూర్తికాదు. "రేపు చూద్దాంలే" అని వాయిదా వేయడానికి బోలెడంత వీలుంటుంది కదా! కాబట్టి ఒక కాగితం తీసుకుని వారంలోని ఏడు రోజులూ రాయండి. పైన చెప్పిన నాలుగింటిని అందులో నింపండి.

వేళ: లేచే వేళ, భోజన వేళ, పడుకునే వేళ మార్చకండి. మధ్యాహ్నం నిద్ర అరగంట మించితే రాత్రి నిద్ర చెడుతుంది. ఉదయం టి.వి. పెట్టకండి. ఉదయం పెడితే అది రాత్రి దాకా ఆగదు.

చోటు: రోజుకు ఒక్కసారైనా ఇల్లు దాటి వెళ్ళవలసిన చోటు ఒకటి ఉండాలి. గ్రంథాలయం, పార్కు, పెన్షనర్ల సంఘం, గుడి, చర్చి, మసీదు, రైతుబజారు, ఏదైనా సరే.

తోటివారు: పాత స్నేహితులను చూస్తే సంతోషమే. కాని వారి సంఖ్య ఏటా తగ్గుతూ ఉంటుంది. అందుచేత మీకన్నా చిన్నవారితో కూడా స్నేహం చేయండి. పక్కింటి కుర్రవాడు మీకు ఫోనులో డబ్బు పంపడం నేర్పితే, మీరు అతనికి దరఖాస్తు రాయడం నేర్పవచ్చు.

అవసరం: వారంలో కనీసం రెండు సార్లు, చెప్పిన వేళకు మీరు రాకపోతే ఎవరో ఒకరు "ఏమైంది?" అని అడిగే పని పెట్టుకోండి. మనవరాలిని బడికి దింపడం, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం, చూపు తగ్గిన స్నేహితునికి పేపరు చదివి వినిపించడం, ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన పల్లెవారికి ఓ.పి. చీటీ ఎక్కడ తీసుకోవాలో చూపించడం, ఇవన్నీ అటువంటివే. "వీలైనప్పుడు సాయం చేస్తాను" అంటే వీలు ఎప్పటికీ కాదు. "మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఐదింటికి వస్తాను" అనండి.

ఒక హెచ్చరిక. కొంతమంది ఈ ఖాళీని నింపడానికి ప్రతి సంఘంలోనూ చేరి, అలసి, గొడవలు పడి, మళ్ళీ ఇంట్లో కూర్చుంటారు. ఒకటి, రెండు పనులు చాలు. వాటిని కనీసం ఆరు నెలలు వదలకుండా చేయండి.

5. ఇంట్లో ఇల్లాలికి రిటైర్మెంట్ ఎప్పుడు?

భర్త రిటైరయ్యాక కొన్ని ఇళ్ళలో కొత్త తగాదాలు మొదలవుతాయి. ముప్పై ఏళ్ళుగా పగలంతా ఇల్లు ఆమె చేతిలో ఉంది. ఇప్పుడు ఆయన వంటింట్లోకి వచ్చి, "పోపు ఇంత మాడ్చావేం? ఫ్యాను ఎవరు వదిలేశారు?" అని అజమాయిషీ మొదలుపెడతారు. ఆఫీసులో ఉన్న ఫైళ్ళ స్థానంలో ఇంట్లో గిన్నెలు దొరికాయన్నమాట! పైగా గంటకోసారి టీ కావాలి. ఆయనకు విశ్రాంతి వచ్చింది, ఆమెకు పని పెరిగింది.

అయ్యా, ఒక్కమాట. మీ భార్యకు పదవీ విరమణ సభ ఎవరూ పెట్టరు. మీరే పెట్టండి. ఇంటి పనుల్లో ఒకటి, రెండు పూర్తిగా మీవి చేసుకోండి. "సాయం చేస్తాను" అని కాదు, ఆ పని ఇక మీదే. ఉదయం కాఫీ మీరే పెట్టండి. కూరగాయలు మీరే తెచ్చి, తరగండి. నీళ్ళ మోటారు, గ్యాసు, కరెంటు బిల్లు మీరే చూసుకోండి. వంట నేర్చుకోవడం కూడా మంచిది. దంపతుల్లో ఎవరు ముందు వెళ్ళిపోతారో ఎవరికీ తెలియదు. అన్నం వండుకోవడం రాని మగవాడు, బ్యాంకు పాసుపుస్తకం చూడడం రాని స్త్రీ, ఒంటరైన రోజున రెండింతలు కష్టపడతారు. ఇద్దరూ ఒకరి పని ఒకరికి ఇప్పుడే నేర్పుకోండి.

అమ్మా, మీకూ ఒక మాట. ఆయన విసుగు మీ మీద కోపం కాకపోవచ్చు. చేతిలో పని లేక, చెప్పుకోవడానికి మాట రాక అలా ఉంటారు. "ఊరికే కూర్చున్నారు" అని పదిమందిలో అనకండి. ఆయనకు చేతనైన పని ఒకటి అప్పగించి, అది మీ పద్ధతిలో జరగకపోయినా చూసీచూడనట్టు వదిలేయండి.

6. పిల్లలు, ఇల్లు, డబ్బు

రిటైరైన వెంటనే ఊళ్ళో ఇల్లు అమ్మి, పిల్లల దగ్గరకు హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్ళిపోయేవారున్నారు. అపార్టుమెంటులో నాలుగో అంతస్తు. పగలంతా తలుపులు మూసి ఉంటాయి. కొడుకు, కోడలు రాత్రి ఎనిమిదికి వస్తారు. పలకరించే మనిషి లేడు. వెళ్ళవద్దని కాదు. ఇల్లు అద్దెకిచ్చి, ఒక సంవత్సరం ఉండి చూసి, తర్వాత నిర్ణయించుకోండి. పిల్లలు అమెరికాలో ఉన్నవారు ఆదివారం వీడియో కాల్ కోసం ఆరు రోజులు ఎదురుచూస్తూ కూర్చోకండి. ఆ ఆరు రోజుల్లో మీకంటూ కబుర్లు ఉంటే, ఆదివారం చెప్పుకోవడానికి ఏమైనా ఉంటుంది.

రిటైర్మెంట్‌లో ఒకేసారి చేతికి వచ్చిన డబ్బు మొత్తాన్ని పిల్లల వ్యాపారంలోనో, ఎక్కువ వడ్డీ ఆశ చూపే చోటనో పెట్టకండి. మొదటి ఆరు నెలలు పెద్ద నిర్ణయాలు ఏవీ తీసుకోకపోవడం మంచిది. వీలునామా ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయండి. దానికి స్టాంపు కాగితం అవసరం లేదు. మీ సంతకం, మీరు సంతకం చేయగా చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్టరు చేయిస్తే మరీ మంచిది.

ఉన్న ఇల్లు పిల్లల పేర రాసి ఇచ్చి, తర్వాత గెంటివేతకు గురైన తల్లిదండ్రుల బాధ మనం వింటూనే ఉన్నాం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం పోషించని పిల్లల మీద ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానశాసనంలో "నన్ను చూసుకోవాలి" అనే షరతు ఉండి, తీసుకున్నవారు చూసుకోకపోతే, ఆ దానాన్ని రద్దు చేయమని కూడా అడగవచ్చు. కాబట్టి ఇవ్వదలిస్తే ఆ షరతు స్పష్టంగా రాయించండి. పిల్లల మీద నమ్మకం లేక కాదు, రేపు ఇద్దరి మధ్యా మాట తేడా రాకుండా. వృద్ధులకు ఎటువంటి సమస్య వచ్చినా 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు.

7. శరీరాన్ని పనికి సిద్ధంగా ఉంచండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక వంటి వ్యాయామం చేయాలి. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. దానితోపాటు 65 దాటినవారు వారానికి మూడు రోజులు శరీరం తూలకుండా నిలబడే వ్యాయామాలు చేయాలి. బరువైన కుర్చీని పట్టుకుని ఒక కాలిమీద పది సెకన్లు నిలబడడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం ఇటువంటివి. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ, జారని చాప, రాత్రి చిన్న లైటు పెట్టించండి. ఒక్కసారి పడి తుంటి ఎముక విరిగితే, అన్ని ప్రణాళికలూ మంచం మీదే ఆగిపోతాయి.

చెవుడు వచ్చిందని మాటలు మానేసేవారు చాలామంది. ఇంట్లోవారు "ఆయనకు వినపడదులే" అని వదిలేస్తారు. ఇది పెద్ద పొరపాటు. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిచేసుకోగల 14 కారణాలను లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో పేర్కొంది. వాటిలో వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం కూడా ఉన్నాయి. కాబట్టి వినికిడి యంత్రం పెట్టుకోవడం, శుక్లాలకు ఆపరేషన్ చేయించుకోవడం కూడా స్నేహాలు నిలబెట్టుకునే మార్గాలే. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద సంవత్సరానికి కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్స 2024 అక్టోబరులో మొదలైంది. కార్డు తీసుకోనివారు ఆధార్‌తో వెళ్ళి తీసుకోండి.

8. ఇది విసుగా? జబ్బా?

వయసుతో పాటు వచ్చే దిగులు వేరు, కుంగుబాటు అనే జబ్బు వేరు. ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి. గడచిన రెండు వారాల్లో చాలా రోజులు మనసు దిగులుగా, నిరాశగా ఉన్నదా? ఇంతకు ముందు ఇష్టమైన పనుల మీద ఆసక్తి లేకుండా పోయిందా? ఏ ఒక్కదానికైనా "అవును" అని జవాబు వస్తే డాక్టరుకు చూపించుకోండి.

పెద్దవారిలో కుంగుబాటు ఏడుపు రూపంలోనే రాదు. ఒళ్ళు నొప్పులు, కడుపులో మంట, మలబద్ధకం, నిద్రలేమి, చిరాకు, మతిమరుపు రూపంలో వస్తుంది. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా ఇలాగే ఉండవచ్చు. అందుకే పరీక్ష చేయించాలి. కుంగుబాటుకు మంచి మందులు ఉన్నాయి, మాట్లాడి నయం చేసే పద్ధతులూ ఉన్నాయి. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరు చెప్పేదాకా మానకూడదు. సాయంత్రం తోచక మద్యం మొదలుపెట్టడం, లేక పెంచడం కుంగుబాటును ఇంకా లోతుకు తోస్తుంది.

"నేను ఎవరికీ అక్కరలేదు", "త్వరగా తీసుకుపోతే బాగుండు" అనే మాటలు పెద్దవారు తరచుగా అంటుంటే, ముసలివాళ్ళ అలవాటని నవ్వేయకండి. పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి. ఒంటరిగా వదలకండి. టెలీమానస్ 14416 నంబరుకు రాత్రి, పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మరొక సంగతి. ఒక్కరోజులో, రెండు రోజుల్లో మనిషి తికమకపడి, సంబంధం లేకుండా మాట్లాడుతుంటే అది వయసూ కాదు, దిగులూ కాదు. ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, పక్షవాతం వంటివి కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

9. చేయలేని రోజు వచ్చినప్పుడు

ఇంతవరకు పని గురించి చెప్పుకున్నాం. కాని ఒక రోజు నడవలేని స్థితి వస్తుంది. మరొకరు స్నానం చేయించాలి, అన్నం కలిపి పెట్టాలి. జీవితమంతా ఇచ్చిన చేతికి పుచ్చుకోవడం చాలా కష్టం. "ఇక నేను భారమే కదా" అనిపిస్తుంది. అప్పుడు అర్థం ఎక్కడ వెతుక్కోవాలి?

ఎరిక్ ఎరిక్సన్ అనే మానసిక శాస్త్రవేత్త 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా వివరించారు. చివరి దశలో మనిషి చేయవలసిన పని, తాను గడిపిన జీవితాన్ని తనదిగా ఒప్పుకోవడం అన్నారు. బాగున్నదీ, బాగులేనిదీ కలిపి, "ఇది నా బ్రతుకు" అని చెప్పగలగడం. అది చేతకాకపోతే మిగిలేది నిరాశే.

ఈ పని మంచం మీద పడుకుని కూడా చేయవచ్చు. మీ చిన్ననాటి ఊరు, తుఫాను వచ్చిన సంవత్సరం, మొదటి జీతం, పెళ్ళినాటి సంగతులు మనవలకు చెప్పండి. వాళ్ళు ఫోనులో రికార్డు చేసుకుంటారు. పలకరింపులు లేని తమ్ముడికి కబురు పంపండి. తప్పు మీదైతే తప్పు అని చెప్పండి. సేవ చేస్తున్న కోడలికి, నర్సుకు "అమ్మా, నీ చేయి చల్లగా ఉంది" అని ఒక మంచి మాట చెప్పండి. ఒకరి సేవను చిరునవ్వుతో పుచ్చుకోవడం కూడా వారికి మనం ఇచ్చే బహుమానమే. దేవుని నమ్మినవారికి ప్రార్థన ఉంది. పదిమంది పేర్లు తలచుకుని వారి కోసం ప్రార్థించే వృద్ధురాలిని పనిలేనిదని ఎవరనగలరు?

మళ్ళీ లైన్‌మన్ దగ్గరకు

ఆ పెద్దమనిషికి డాక్టరు మందులు రాశారు. నిద్ర కుదుటపడింది. కాని మందుల చీటీతో పాటు ఇంకో మాట చెప్పారు. "వచ్చే నెల వచ్చేటప్పటికి, మీ కోసం ఎవరో ఒకరు ఎదురుచూసేలా చేసుకుని రండి."

ఆయన వీధిలో ఐ.టి.ఐ. చదివే కుర్రవాడు ఒకడున్నాడు. ఎలక్ట్రీషియన్ కోర్సులో ఫెయిలై, ఇంట్లో కూర్చున్నాడు. సాయంత్రం ఆరింటికి వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, స్టార్టరు డబ్బా విప్పి చూపించి, ఎర్తింగు ఎందుకు వేయాలో చెప్పడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి నలుగురు పిల్లలయ్యారు. రెండు రోజులు రాకుండా పోతే మూడోరోజు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మందలించేవారు.

ఒకసారి ఆయనకే జ్వరం వచ్చింది. సాయంత్రం అరుగు మీదకు రాలేదు. ఆరున్నరకు నలుగురూ గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, సార్ ఏరీ?" అని అడిగారు. లోపల మంచం మీద పడుకున్న ఆయనకు ఆ మాట వినిపించింది. తర్వాత డాక్టరుకు ఈ సంగతి చెబుతూ, "మళ్ళీ ఫోను మోగినట్టయిందండీ" అన్నారు.

ఈ వారం చేయండి

1. ఉద్యోగంతో పాటు మీరు పోగొట్టుకున్న నాలుగింటిలో ఏది మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తోంది? కాగితం మీద రాయండి.

2. చెప్పిన వేళకు వెళ్ళవలసిన పని ఒకటి ఎంచుకుని, రోజు, గంట ఎదుటివారికి చెప్పండి.

3. ఇంటి పనుల్లో ఒకటి పూర్తిగా మీది చేసుకోండి.

4. బి.పి., షుగరు, కళ్ళు, చెవులు పరీక్ష చేయించుకుని సంవత్సరం దాటితే ఈ వారమే రండి.

5. చాలాకాలంగా పలకరించని ఒకరికి ఫోను చేయండి.

మీ ఇంట్లో పెద్దవారుంటే ఈ పాఠం వారికి చదివి వినిపించండి. చదివిన తర్వాత, "రేపు మళ్ళీ ఇదే వేళకు వస్తాను, నాకు మీ చిన్ననాటి సంగతి ఒకటి చెప్పండి" అని అడగండి. ఆ వేళకు తప్పకుండా వెళ్ళండి. వారు ఎదురుచూస్తూ ఉంటారు.